పదహారేళ్ల లైసెన్సు: పరిమితులు, తల్లిదండ్రుల బాధ్యత

పదహారేళ్లు నిండిన విద్యార్థి మోటారు వాహన లైసెన్సు పొందుటకు చట్టం అవకాశం కల్పించినది. అయితే ఆ లైసెన్సుతో ఇంటి ముందున్న స్కూటరును నడుపుటకు చాలా సందర్భాలలో అతనికి అర్హత ఉండదు. ఈ తేడాను గుర్తించక పిల్లలకు వాహనం అప్పగించిన తల్లిదండ్రులు 2019 సెప్టెంబరు 1 నుండి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం జైలు శిక్షకు సైతం గురికావలసి రావచ్చును. కౌమార వయస్కులైన చోదకులకు వర్తించే ముఖ్య నిబంధనలు ఈ దిగువ వివరించబడినవి.

వయోపరిమితి

మోటారు వాహనాల చట్టం, 1988 నాలుగవ సెక్షన్ ప్రకారం 18 సంవత్సరాలు నిండని వ్యక్తి బహిరంగ ప్రదేశాలలో మోటారు వాహనం నడుపరాదు. దీనికి ఒకే ఒక మినహాయింపు కలదు. ఇంజను సామర్థ్యం 50 సి.సి.కి మించని మోటారు సైకిలును 16 సంవత్సరాలు నిండినవారు నడుపవచ్చును. ఇట్టి వారికి శిక్షార్థి లైసెన్సు, అనగా ఎల్.ఎల్.ఆర్., మంజూరు చేయుటకు సంరక్షకుని లిఖితపూర్వక అంగీకారం తప్పనిసరి.

ఈ చట్టం 1989 జూలై 1న అమలులోకి వచ్చిన నాటికి లూనా, టీవీఎస్ 50 వంటి మోపెడ్‌లు పట్టణాలలోను, పల్లెలలోను విరివిగా తిరుగుచుండేవి. నేడు మార్కెట్టులో లభించే పెట్రోలు స్కూటర్లలో అధిక భాగం 100 నుండి 125 సి.సి. సామర్థ్యం కలవి. వాహనాలు మారినను చట్టంలోని పరిమితి మారలేదు. లైసెన్సుపై వాహన తరగతి "గేర్లు లేని మోటారు సైకిలు" అని నమోదు కావడంతో, గేర్లు లేని ఏ స్కూటరునైనను నడుపవచ్చుననే అపోహ ఏర్పడుచున్నది. గేర్లు లేకపోవుట ఒక అంశం, ఇంజను సామర్థ్యం మరొక అంశం. 18 సంవత్సరాలు నిండనివారి విషయంలో రెండింటినీ చూడవలసి ఉంటుంది.

బ్యాటరీ వాహనాలన్నింటికీ లైసెన్సు అక్కరలేదనుట కూడా సరికాదు. మోటారు శక్తి 0.25 కిలోవాట్ కంటె తక్కువగాను, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల కంటె తక్కువగాను ఉండి, బరువు మున్నగు ఇతర షరతులకు లోబడిన వాహనాలకు మాత్రమే ఈ వెసులుబాటు వర్తిస్తుంది.

శిక్షణ కాలంలో

ఎల్.ఎల్.ఆర్. ఆరు నెలల పాటు చెల్లుబాటు అవుతుంది. అది పొందిన 30 రోజుల తరువాత మాత్రమే డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావచ్చును. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని మూడవ నియమం ప్రకారం శిక్షార్థి వెంట చెల్లుబాటు అయ్యే లైసెన్సు గల శిక్షకుడు, వాహనాన్ని అదుపు చేయుటకు లేదా నిలుపుటకు వీలైన స్థానంలో కూర్చుని ఉండవలెను. వాహనం ముందు, వెనుక తెల్లని నేపథ్యంపై ఎర్రని 'ఎల్' అక్షరం కనిపించవలెను. ఆ ఫలకం 18 సెంటీమీటర్ల చతురస్రానికి, అక్షరం 10 సెంటీమీటర్ల ఎత్తుకు తగ్గరాదు. మోటారు సైకిలు నేర్చుకొనేవారు శిక్షకుని తప్ప మరెవ్వరినీ ఎక్కించుకొనరాదు. అందుచేత ఎల్.ఎల్.ఆర్. చేతికి వచ్చిన మరునాడే స్నేహితుని వెనుక కూర్చుండబెట్టుకొని కళాశాలకు వెళ్లుట నిబంధనల ఉల్లంఘన అవుతుంది.

పద్దెనిమిదేళ్ల తరువాత

18 సంవత్సరాలు నిండి పూర్తి లైసెన్సు పొందినవారిపై రాత్రి వేళలకు గాని, తోటి ప్రయాణికుల సంఖ్యకు గాని సంబంధించి ప్రత్యేక ఆంక్షలను మన చట్టం విధించలేదు. న్యూజిలాండ్ 1987లో ప్రవేశపెట్టిన దశలవారీ లైసెన్సు విధానంలో ఇట్టి ఆంక్షలు ఉన్నవి. మన దేశంలో మాత్రం కొత్త చోదకునికి, అనుభవజ్ఞునికి ఒకే నిబంధనలు వర్తిస్తాయి. అయితే 20 సంవత్సరాలు నిండే వరకు ఆటో, ట్యాక్సీ, లారీ, బస్సు వంటి రవాణా వాహనాలను నడుపరాదు. సొంత కారు నడుపుటకు అర్హత గల పద్దెనిమిదేళ్ల యువకుడు తండ్రి ఆటోను బాడుగకు తిప్పుటకు అనర్హుడే.

బాధ్యత ఎవరిది?

2019 సవరణ చట్టం ద్వారా చేర్చబడిన 199-ఎ సెక్షన్ ఈ విషయంలో అత్యంత కీలకమైనది. బాలలు ఈ చట్టం క్రింద నేరానికి పాల్పడినచో సంరక్షకుడు లేదా వాహన యజమాని దోషిగా పరిగణించబడతారు. వారికి మూడు సంవత్సరాల వరకు జైలు శిక్ష, 25,000 రూపాయల జరిమానా విధించవచ్చును. వాహన రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దవుతుంది. వారి సమ్మతితోనే బాలలు వాహనం వాడినట్లు న్యాయస్థానం భావిస్తుంది. తమకు తెలియకుండా జరిగినదని, లేదా నివారించుటకు తగిన జాగ్రత్త వహించితిమని రుజువు చేయవలసిన భారం వారిదే.

ఎల్.ఎల్.ఆర్. లేదా లైసెన్సు గల బాలలు, అది అనుమతించిన వాహనాన్నే నడిపినపుడు సంరక్షకునికి, యజమానికి ఈ నిబంధన వర్తించదు. జేబులో లైసెన్సు ఉన్నంత మాత్రాన 110 సి.సి. స్కూటరుకు ఈ రక్షణ లభించునని భావించరాదు.

నేరానికి పాల్పడిన బాలలకు 25 సంవత్సరాల వయస్సు వచ్చే వరకు ఎల్.ఎల్.ఆర్. గాని, లైసెన్సు గాని మంజూరు చేయరు. పదహారవ ఏట జరిగిన తప్పిదం తొమ్మిదేళ్ల పాటు వెన్నంటి ఉంటుందన్న మాట. డ్రైవరు వృత్తిపై ఆధారపడిన కుటుంబాలలో ఇది జీవనోపాధినే దెబ్బతీస్తుంది.

ప్రమాదం జరిగినచో ఆర్థిక భారం కూడా తోడవుతుంది. లైసెన్సు షరతుల ఉల్లంఘనకు యజమాని బాధ్యుడని తేలిన సందర్భాలలో, బాధితులకు పరిహారం చెల్లించిన బీమా సంస్థ ఆ మొత్తాన్ని అతని నుండి వసూలు చేసుకొనవచ్చునని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో స్పష్టం చేసినది.

తనిఖీలో, వార్తా రచనలో

తనిఖీ సమయంలో లైసెన్సు ఉన్నదా లేదా అనుటతో సరిపెట్టక, చోదకుని వయస్సును, రిజిస్ట్రేషన్ పత్రంలోని ఇంజను సామర్థ్యాన్ని సరిచూచినపుడే ఉల్లంఘన బయటపడుతుంది.

నేరారోపణకు గురైన బాలల పేరు, చిరునామా, పాఠశాల, ఫొటో మున్నగు గుర్తింపు వివరాలను ప్రచురించుట లేదా ప్రసారం చేయుట బాలల న్యాయ చట్టం, 2015లోని 74వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. ఉల్లంఘనకు ఆరు నెలల వరకు జైలు శిక్ష, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. తల్లిదండ్రుల పేరు ప్రకటించుట ద్వారా బాలలను గుర్తించుటకు వీలు కలిగినచో అది కూడా ఈ నిషేధం పరిధిలోనికి రాగలదని పాత్రికేయులు గమనించవలసి ఉన్నది.