ఇటలీ షాట్‌గన్ తయారీదారు గుర్తింపు

తయారీదారు పేరు చెక్కి ఉండని ఇటలీ షాట్‌గన్‌ను ఎవరు తయారుచేశారో, దానిపై ఉన్న పరీక్షా ముద్రలు, వరుస సంఖ్య, కొలతలు, నిర్మాణ లక్షణాలు, యాజమాన్య పత్రాల ఆధారంగా నిర్ధారించవచ్చు. షాట్‌గన్ అనగా గొట్టం లోపలి భాగం నునుపుగా ఉండి, ఒక్క తూటాతో అనేక సీసపు రవ్వలను వెదజల్లే పొడవైన తుపాకి. భారతదేశంలో ఈ రకంలో బాగా వాడుకలో ఉన్నది 12 బోరు తుపాకి. పరీక్షా ముద్రలు తుపాకిని ఎక్కడ, ఏ సంవత్సరంలో పరీక్షించారో తెలుపుతాయే గాని తయారీదారు ఎవరో నేరుగా తెలుపవు. భారత ఆయుధాల చట్టం, 1959 ప్రకారం గుర్తింపు లేని తుపాకిని అమ్మరాదు కనుక ఈ నిర్ధారణకు చట్టపరమైన ప్రాముఖ్యత కూడా ఉన్నది.

నేపథ్యం

ఇటలీ తుపాకుల పరిశ్రమకు ప్రధాన కేంద్రం ఆ దేశపు ఉత్తర భాగంలో, బ్రెషా నగరానికి సమీపాన ఉన్న త్రోంపియా లోయ. ఆ లోయలోని గార్దోనే పట్టణంలో శతాబ్దాలుగా తుపాకి గొట్టాలు తయారవుతున్నాయి. బెరెట్టా కుటుంబానికి చెందిన బర్తొలోమియో 1526లో వెనిస్ ఆయుధాగారానికి 185 గొట్టాలను అమ్మి 296 డకట్లు పొందినట్లు తెలిపే పత్రం నేటికీ భద్రంగా ఉన్నది. బెరెట్టాతో పాటు బెర్నార్దెల్లి, ఫ్రాంకి, జోలి, పియోత్తి, రిజ్జీని, పెరాజ్జి వంటి పేర్లు ఈ ప్రాంతం నుండి ప్రపంచానికి పరిచయమైనాయి.

పేరు లేకపోవడానికి కారణాలు

గార్దోనే ప్రాంతంలో ఒక తుపాకి సాధారణంగా అనేక చేతులు మారి పూర్తయ్యేది. గొట్టాలు ఒకరు, తాళపు యంత్రాంగం మరొకరు, కర్ర పని ఇంకొకరు, చెక్కడపు పని వేరొకరు చేసేవారు. చిన్న కార్ఖానాలు తమ తుపాకులను పేరు లేకుండానే వర్తకులకు అమ్మేవి. వాటిని కొన్న వర్తకుడు తన దుకాణం పేరును చెక్కించుకొనేవాడు, లేదా అలాగే అమ్మేవాడు. కావున గొట్టంపై కనిపించే పేరు సైతం కొన్నిసార్లు విక్రేతదే గాని తయారీదారుది కాదు.

1975 ఏప్రిల్ 18 నాటి 110వ ఇటలీ చట్టం ప్రతి తుపాకిపై తయారీదారు గుర్తు, వరుస సంఖ్య చెరగని విధంగా ఉండాలని నిర్దేశించినది. కావున పేరు లేని ఇటలీ తుపాకులలో అధిక భాగం అంతకు పూర్వపువి. ఆ తరువాతి సంవత్సర సంకేతం ఉండి, గుర్తు మాత్రం కనిపించకపోతే, దానిని ఎవరైనా చెరిపివేశారేమోనని అనుమానించవలసి ఉంటుంది.

పరీక్షా ముద్రలు

సాధారణ తూటా కంటే అధిక ఒత్తిడి కలిగించే తూటాను కాల్చి, గొట్టం తట్టుకొన్నదని తేలిన తరువాత కొట్టే ముద్రయే పరీక్షా ముద్ర. గార్దోనేలోని పరీక్షా సంస్థ 1910లో రాజశాసనం ద్వారా ఏర్పడినది. 1923లో వెలువడిన మరొక శాసనం ఈ ముద్రను తప్పనిసరి చేసినది. ఈ ముద్రలు కర్ర పిడి వైపు గొట్టాల అడుగుభాగంలో ఉంటాయి గనుక, గొట్టాలను విప్పినప్పుడే పూర్తిగా కనిపిస్తాయి.

ముఖ్యమైన ముద్రలు:

* పి.ఎస్.ఎఫ్. – ‘పొగ రాని మందు’ అను అర్థం గల ఇటాలియన్ పదాల మొదటి అక్షరాలు. తుపాకి ఆ మందుతో పరీక్షింపబడినదని సూచిస్తుంది. రాచరికం నాటి ముద్రలలో దీనిపై కిరీటం, తరువాతి ముద్రలలో గణతంత్ర చిహ్నమైన నక్షత్రం ఉంటాయి.
* ఫినీతో – పూర్తయిన స్థితిలో పరీక్షింపబడినదని అర్థం.
* సంవత్సర సంకేతం – చిన్న గడిలో ఉంటుంది.

ఇదే స్థానంలో అండాకారపు గీత లోపల ఈ.ఎల్.జి. అను అక్షరాలు ఉంటే అది బెల్జియంలోని లియేజ్ పరీక్షా సంస్థ ముద్ర. అటువంటి గొట్టాలను ఇటలీలో పరీక్షించినవిగా భావించరాదు.

సంవత్సర సంకేతాలు

రెండవ ప్రపంచ యుద్ధానంతరం సంవత్సరాన్ని రోమన్ సంఖ్యలలో సూచించారు. రోమన్ 1 అనగా 1945, రోమన్ 10 అనగా 1954, రోమన్ 20 అనగా 1964. అనగా సంకేతానికి 1944 కలిపితే సంవత్సరం వస్తుంది. 1971 నుండి 1973 వరకు రెండు రోమన్ పదుల ప్రక్కన 7, 8, 9 అను మామూలు అంకెలు వేశారు. 1974కు రోమన్ 30 వాడారు.

1975 నుండి జంట అక్షరాలు వచ్చినవి. ఏఏ 1975ను, ఏబీ 1976ను, ఏఎఫ్ 1980ని సూచిస్తాయి. ఈ వరుసలో కొన్ని అక్షరాలను వదిలివేశారు. ఏఎఫ్ తరువాత ఏజీ లేదు. 1981కి ఏహెచ్ వాడారు. ఏజెడ్ 1990ని, బీఏ 1991ని తెలుపుతాయి. అందువలన అక్షరాలను వేళ్ళపై లెక్కించి సంవత్సరం తేల్చడం పొరబాటుకు దారితీస్తుంది.

ఇతర ముద్రలు, కొలతలు

12 బోరు అనగా గొట్టం లోపలి వ్యాసానికి సరిపడే సీసపు గుండ్లు పన్నెండు కలిపి ఒక పౌను తూగుతాయని అర్థం. దీని వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. ముద్రలలో 12 ప్రక్కన ఉండే 70 లేక 65 అను సంఖ్య తూటా గది పొడవును మిల్లీమీటర్లలో తెలుపుతుంది. 65 మిల్లీమీటర్ల గదిలో 70 మిల్లీమీటర్ల తూటాను కాల్చితే ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగవచ్చు.

గొట్టంపై నక్షత్రాలు మూతి బిగుతును తెలుపుతాయి. ఒక నక్షత్రం అత్యంత బిగుతైన మూతికి గుర్తు. నక్షత్రాలు పెరిగిన కొలదీ బిగుతు తగ్గుతుంది. వీటిని నాణ్యతా చిహ్నాలుగా పొరబడరాదు. కిలోగ్రాములలో ఉండే సంఖ్య గొట్టాల బరువు.

తయారీదారును సూచించే ఆధారాలు

గొట్టాల అడుగున, యంత్రాంగం లోపల, కర్ర తొలగిస్తే కనిపించే లోహభాగాలపై పొడి అక్షరాలు లేదా చిన్న బొమ్మలు ఉండవచ్చు. అవి కార్ఖానాకు చెందినవి కావచ్చు, లేదా కేవలం గొట్టం చేసిన పనివానివి కావచ్చు. ఒకే అక్షరాలు గొట్టంపైన, యంత్రాంగంపైన కూడా ఉంటే ఆధారం బలపడుతుంది.

బ్రెడా, కోన్యే, పోల్డీ, బోలర్ అను పేర్లు అనేక గొట్టాలపై కనిపిస్తాయి. ఇవి ఉక్కును సరఫరా చేసిన సంస్థల పేర్లు. వీటిలో పోల్డీ చెక్ దేశానికి, బోలర్ ఆస్ట్రియాకు చెందినవి. గొట్టంపై బోలర్ అని ఉన్నంత మాత్రాన తుపాకి ఆస్ట్రియాది కాదు. అలాగే 1875లో బర్మింగ్‌హామ్‌లో రూపొందిన ఆన్సన్-డీలీ యంత్రాంగాన్ని అనేక దేశాల వారు అనుకరించినందున, బాహ్యరూపం ఒక్కటే ఆధారం కాజాలదు.

వరుస సంఖ్య, పరీక్షా సంవత్సరం, పొడి అక్షరాలు ఒకే కార్ఖానాను సూచించినప్పుడే నిర్ధారణ నమ్మదగినది. ఉదాహరణకు రోమన్ 15, పి.ఎస్.ఎఫ్., 12-70 ముద్రలు మాత్రమే గల తుపాకి 1959లో ఇటలీలో పరీక్షింపబడిన 12 బోరు తుపాకి అని చెప్పవచ్చును. అంతకుమించి చెప్పడం ఊహ మాత్రమే.

భారతదేశంలో చట్టం

1962 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చిన ఆయుధాల చట్టం, 1959లోని 8వ సెక్షన్ ప్రకారం తుపాకిపై ఉన్న పేరు, సంఖ్య, ఇతర గుర్తులను చెరపడం, మార్చడం నిషిద్ధం. తయారీదారు పేరు, సంఖ్య లేదా ఆమోదిత గుర్తు లేని తుపాకిని అమ్మరాదు, బదిలీ చేయరాదు. అటువంటి తుపాకి ఎవరి వద్ద ఉంటే, వారే గుర్తును చెరిపినట్లు చట్టం భావిస్తుంది. కాదని నిరూపించుకొనే భారం వారిదే. అందువలన గుర్తు మొదటి నుండి లేదా, తరువాత చెరిపినదా అను తేడా అతి ముఖ్యమైనది.

ముద్ర కొట్టినప్పుడు లోహపు అడుగు పొరలు కూడా నొక్కుకుపోతాయి. పైభాగాన్ని అరగదీసినప్పటికీ, రసాయన ద్రావణాలతో ఆ సంఖ్యను తిరిగి కనిపింపజేయడం ఫోరెన్సిక్ ప్రయోగశాలలలో సాధ్యపడుతుంది. యజమాని స్వయంగా గరుకు కాగితంతో రుద్దడం వలన ఉన్న ఆధారం నశించడమే గాక, అనుమానానికి కూడా తావు కలుగుతుంది.

13వ సెక్షన్ 20 అంగుళాలకు తగ్గని నునుపు గొట్టపు తుపాకికి రక్షణ లేదా క్రీడ కొరకు లైసెన్సు ఇవ్వడాన్ని గురించి తెలుపుతుంది. పంట రక్షణకు మూతి నుండి మందు కూరే తుపాకి చాలదని అధికారి భావిస్తే, ఇతర నునుపు గొట్టపు తుపాకికి కూడా లైసెన్సు ఇవ్వవచ్చు. లైసెన్సుదారు మరణించినప్పుడు వారసులు తుపాకిని సమీప పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల వర్తకుని వద్ద గాని అప్పగించవలెను.

పాత పత్రాలు, జిల్లాల మార్పులు

తుపాకిపై పేరు లేనప్పుడు, అది చాలా కాలంగా అదే స్థితిలో ఉన్నదని చూపే పాత లైసెన్సు, కొనుగోలు రశీదు వంటి పత్రాలు ప్రధాన ఆధారం. తెలంగాణ సరిహద్దు ప్రాంతాలలో ఈ పత్రాలను వెదకుటకు పాలనా చరిత్ర తెలియవలెను. ఉదాహరణకు జహీరాబాదు ప్రాంతం 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాలో ఉండి, రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో మెదక్ జిల్లాలో చేరినది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు ఆ జిల్లాలోకి వచ్చినది. పూర్వం జహీరాబాదు మండలంలో ఉన్న మొగుడంపల్లి అదే సంవత్సరం మండల కేంద్రమైనది. కావున ఇక్కడి ఒక కుటుంబపు తుపాకికి సంబంధించిన పత్రాలు మూడు జిల్లాల పేర్లతో ఉండవచ్చు. నిజాం పాలనలో ఉర్దూ అధికార భాష గనుక, ఆనాటి పత్రాలు ఉర్దూలో ఉండే అవకాశం ఉన్నది. ఆ పత్రాలలోని వరుస సంఖ్య గొట్టంపై ఉన్న సంఖ్యతో సరిపోలితే, తయారీదారు పేరు తేలకపోయినా తుపాకి గుర్తింపు, యజమాని నిర్దోషిత్వం నిలబడుటకు అది తోడ్పడుతుంది.