మూగబోయిన లిపులు – మాట్లాడించిన భాషలు

కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల నల్లరేగడి నేలపై తెలుగు, తమిళం తరతరాలుగా ఇరుగుపొరుగున వర్ధిల్లుతున్నాయి. కోవిల్‌పట్టికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని కళుగుమలై కొండపై జైన తీర్థంకరుల శిల్పాల క్రింద వట్టెళుత్తు లిపిలో శాసనాలు కలవు. వాటిని చెక్కించినవారి పేర్లు, ఊళ్లు, గురువుల పేర్లు అందులో ఉన్నాయి. భాష తమిళమే, అయినను నేటి తమిళ విద్యార్థి ఆ అక్షరాలను గుర్తింపలేడు. చోళుల ఏలుబడిలో తమిళ లిపి పాండ్యదేశంలో వ్యాపించగా, 11వ శతాబ్ది తరువాత వట్టెళుత్తు ఇక్కడ క్రమంగా మరుగునపడింది.

ఇట్టి మౌనం ఈజిప్టులో ఇంకను దీర్ఘమైనది. అచటి చిత్రలిపిలో తేదీ తెలిసిన చివరి శాసనం క్రీ.శ. 394 నాటిది. పిదప సుమారు 1,400 సంవత్సరాలు దానిని చదువగలవారే లేకపోయిరి. 1799లో లభించిన రోసెట్టా శిలపై ఒకే ఆజ్ఞ చిత్రలిపిలోను, డెమోటిక్ లిపిలోను, గ్రీకులోను ఉన్నది. దాని సాయంతో పలువురు శ్రమించినను, 1822లో రహస్యం ఛేదించిన ఘనత ఫ్రెంచి పండితుడు షాంపోలియన్‌కు దక్కింది. ప్రాచీన ఈజిప్టు భాషకు చివరి రూపమైన కాప్టిక్ భాష క్రైస్తవ ప్రార్థనలలో మిగిలియున్నది. ఆయన దానిని చిన్ననాటినుండి అభ్యసించుటే ఇందుకు మూలబలం.

ఆ లిపిలో కొన్ని బొమ్మలు ధ్వనిని, కొన్ని అర్థాన్ని తెలుపుతాయి. పక్షులు, మనుష్యులు ఏ దిక్కుకు ముఖం పెట్టియుందురో ఆ దిక్కునుండి చదువవలెను. అచ్చులు వ్రాయరు. మన వాక్యంలో క్రియ చివర నిలువగా, వారి వాక్యంలో సాధారణంగా క్రియ ముందు, కర్త తరువాత వస్తాయి. షాంపోలియన్ 1832లో 41వ ఏట మరణించగా, ఆయన రచించిన వ్యాకరణం 1836 నుండి వెలువడింది.

దక్షిణదేశంలోను ఇదే కథ. 1837లో ప్రిన్సెప్ బ్రాహ్మీలిపిని చదివెను. 1882లో మధుర సమీపాన మాంగుళం గుహాశాసనాలు వెలుగుచూచినవి. అక్షరాలు తెలిసినను అర్థం పొసగలేదు. ప్రాకృతమని భావించి చదువుటయే అందుకు కారణం. ళ, ఴ, ఱ వంటి ద్రావిడ అక్షరాలను గుర్తించి, అది తమిళమని 1924లో నిరూపించినవారు కె.వి. సుబ్రహ్మణ్య అయ్యర్. ఐరావతం మహాదేవన్ ఆ కృషిని ముందుకు నడిపిరి. ఈ అధ్యయనానికి తెలుగునేల సైతం తోడ్పడింది. 1892లో నేటి బాపట్ల జిల్లాలోని భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతుపేటికలపై హల్లుకు సహజంగా ‘అ’కారం ఉండదు, దానిని ప్రత్యేకమైన గీతతో చూపుదురు. తొలి తమిళ బ్రాహ్మిలో అచ్చులు వ్రాసే పద్ధతిని అర్థంచేసికొనుటకు దీనితో పోలిక ఉపకరించింది.

ఈ రెండు కథలు ఈజిప్టు తీరంలోనే కలిసికొనుట విశేషం. ఎర్రసముద్రపు ఒడ్డున ప్రాచీన రేవైన కుసైర్ అల్ ఖదీంలో జరిగిన త్రవ్వకాలలో తమిళ బ్రాహ్మి అక్షరాలుగల కుండపెంకులు లభించినవి. ఒకదానిపై ‘పానై ఒఱి’ అని యున్నట్లు మహాదేవన్ చదివిరి. ‘ఉట్టిలో వ్రేలాడు కుండ’ అని ఆయన చెప్పిన అర్థం. ‘పానై’ తెలుగు ‘బాన’కు సోదరపదం, ‘ఉఱి’ మన ‘ఉట్టి’. దూరదేశపు ఇసుకలో సుమారు 2,000 సంవత్సరాలు పడియున్న పెంకుపై మాట, ఇంట తెలుగు, వీధిలో తమిళం వినే బాలునికి పరాయిది కాదు.

రాతిపై అక్షరం నిలుచుట చాలదు. దానికి బంధువైన పలుకు ఎక్కడో ఒకచోట సజీవంగా ఉండవలెను. కాప్టిక్ నశించియుంటే షాంపోలియన్ శ్రమ ఎంత కఠినమయ్యెడిదో ఊహింపవచ్చును. ఒక భాషను ఒక తరం విడిచిపెట్టిన యెడల, మూతబడునది దాని వర్తమానం మాత్రమే కాదు. దానితో తెరువదగిన గతం కూడ. బడిలో నేర్చిన ‘అ ఆ’ల విలువ అంత దూరం వ్యాపించియున్నది.