రాణీ కుముదినీ దేవి: పింగళి వారి ఆడపడుచు, వనపర్తి కోడలు

రాణీ కుముదినీ దేవి (1911 జనవరి 23 – 2009 ఆగస్టు 6) వరంగల్లు ప్రాంతపు భూస్వామ్య కుటుంబంలో పుట్టి, పాలమూరు సీమలోని వనపర్తి సంస్థానానికి కోడలై, సంస్థానాలు రద్దయిన తరువాత ప్రజాజీవితంలోకి వచ్చిన మహిళ. 1962లో ఆమె హైదరాబాదు నగరానికి తొలి మహిళా మేయరయ్యారు. 1962 నుంచి 1972 వరకు రెండు పర్యాయాలు కాంగ్రెసు పక్షాన వనపర్తి శాసనసభ్యురాలిగా ఉన్నారు. ఆమె పేరు చెప్పగానే మేయరు పదవినే గుర్తు చేసుకోవడం వాడుక అయినప్పటికీ, కుష్ఠు వ్యాధిగ్రస్తుల కోసం 1958లో కూకట్‌పల్లిలో ఆమె స్థాపించిన శివానంద పునరావాస కేంద్రమే ఆ జీవితంలో అన్నిటికన్నా పెద్ద పని అని చెప్పాలి.

ఆమె పుట్టినిల్లు వడ్డేపల్లి, ఇప్పుడు హనుమకొండ పట్టణంలో కలిసిపోయిన ఊరు. తండ్రి పింగళి వెంకటరామారెడ్డి నిజాం రాజ్యంలో ఉన్నత పదవులకు ఎదిగి, మీర్ లాయక్ అలీ 1947 చివర ఏర్పరచిన మంత్రివర్గంలో ఉప ప్రధానమంత్రిగా పనిచేశారు. అంతకుముందు హైదరాబాదు నగర కొత్వాలుగా, అంటే పోలీసు అధిపతిగా, రెడ్డి హాస్టలు స్థాపకుడిగా పేరుపొందిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి వేరొక వ్యక్తి. ఆయన పుట్టింది వనపర్తి సంస్థానపు గ్రామంలోనే కనుక, పేర్ల పోలిక చూసి ఇద్దరినీ ఒకరిగా పొరబడే అవకాశం ఉంది. భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం, అంటే శాశ్వత పరిష్కారం కుదిరేదాకా పాత సంబంధాలనే కొనసాగించే ఏర్పాటు, గురించి 1947లో నిజాం పంపిన ప్రతినిధి బృందంలో కుముదినీ దేవి తండ్రి ఒకరు. ఆ ఒప్పందం నవంబరు 29న కుదిరింది కాని, ఏడాది తిరగకముందే, 1948 సెప్టెంబరులో, సైనిక చర్యతో నిజాం పాలన ముగిసింది.

వనపర్తి వారితో ఆమె వివాహం 1928లో జరిగింది. వరుడు రాజా రామదేవరావు. ఆ మెట్టినింటి స్థాయి తెలియాలంటే సంస్థానమనే మాటకు నిజాం రాజ్యంలో ఉన్న అర్థాన్ని ముందుగా చెప్పుకోవాలి. నిజాముల వంశమైన అసఫ్‌జాహీలు దక్కనుకు రాకముందు నుంచే తమ తమ సీమలను ఏలుతూ, తరువాత నిజాముకు పేష్కష్, అంటే ఏటేటా కట్టవలసిన కప్పం, చెల్లిస్తూ తమ ప్రాంతంలో శిస్తు వసూలు, న్యాయ విచారణ వంటి అధికారాలను నిలుపుకొన్న హిందూ పాలక వంశాల భూభాగాలే సంస్థానాలు. జాగీరు నిజాం ఇచ్చినది. సంస్థానం నిజాం గుర్తించినది. ఈ తేడాను ఆ వంశాలవారు ఎన్నడూ మరువలేదు. గెజిటీర్లు లెక్కించిన పద్నాలుగు ముఖ్య సంస్థానాలలో గద్వాల, వనపర్తి, జటప్రోలు, పాల్వంచలతో పాటు ఉత్తర తెలంగాణకు చెందిన దోమకొండ, సిర్నాపల్లి, పాపన్నపేట కూడా ఉన్నాయి. వీటిలో దోమకొండ ఈనాటి కామారెడ్డి జిల్లాలోనిది; కామినేని వంశీయుల ఆ కోట, అందులోని మహాదేవాలయం ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. కామారెడ్డి, ఎల్లారెడ్డి సీమలలో దోమకొండ వారికి ఉన్న స్థానం వంటిదే కృష్ణా తీరపు పాలమూరులో వనపర్తి వారికి ఉండేది.

జనుంపల్లి వారు అని ఇంటిపేరు గల వనపర్తి వంశం 16వ శతాబ్ది తొలినాళ్లలో వీర కృష్ణారెడ్డితో మొదలైందని చరిత్రకారులు చెబుతారు. ఆదిలో దానికి సూగూరు సంస్థానమని పేరు. వనపర్తికి రాజధాని మారిన తరువాత ఊరి పేరే సంస్థానానికి స్థిరపడింది. శ్రీరంగాపురంలోని రంగనాయకస్వామి ఆలయం ఈ వంశం వారి నిర్మాణాలలో ప్రసిద్ధమైనది. 19వ శతాబ్దంలో వనపర్తిని ఏలిన మొదటి రామేశ్వరరావు ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలతో ఆశ్విక దళాన్ని పోషించారు. ఆ దళం తరువాత నిజాం కొలువుకు చేరి, హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ అనే పేటకు, అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న చోటికి, పేరు మిగిల్చింది. 1866లో ఆయన మరణించిన మీదట రాణీ శంకరమ్మ సంస్థానాన్ని నడిపి, రెండవ రామేశ్వరరావును దత్తత తీసుకున్నారు. కనుక స్త్రీ అధికారం చేపట్టడం వనపర్తికి కొత్త కాదు. అయితే శంకరమ్మకు అది భర్త మరణంతో సంక్రమించినది, కుముదినీ దేవికి వోటుతో వచ్చినది.

రెండవ రామేశ్వరరావు 1922 నవంబరులో మరణించేనాటికి ఆయనకు కృష్ణదేవరావు, రామదేవరావు అనే ఇద్దరు కుమారులు ఉన్నారు. పెద్దవాడు మైనరు కావడంతో సంస్థానం కోర్ట్ ఆఫ్ వార్డ్స్, అంటే మైనరు వారసుల ఆస్తులను సర్కారు తరఫున చూసే శాఖ, ఆధీనంలోకి వెళ్లింది. కృష్ణదేవరావు తరువాత వారసత్వం ఆయన కుమారుడు, 1923లో పుట్టిన మూడవ రామేశ్వరరావుకు దక్కింది. అంటే కుముదినీ దేవి భర్త గద్దెకు చెందిన పెద్ద శాఖవాడు కాదు. ఆమెకు వచ్చిన రాణి అనే పిలుపు గౌరవవాచకమే తప్ప పాలనాధికారాన్ని సూచించదు. మూడవ రామేశ్వరరావుకు ఆమె పినతల్లి వరుస. ఆయన భారత విదేశాంగ సేవలో ఆఫ్రికాలో పనిచేసి, 1957 నుంచి మహబూబ్‌నగర్ లోక్‌సభ సభ్యుడిగా వరుసగా ఎన్నికై, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థకు అధిపతి అయ్యారు. ఆయన భార్య శాంతా రామేశ్వరరావు 1961లో హైదరాబాదులో విద్యారణ్య పాఠశాలను నెలకొల్పారు. వనపర్తి రాజభవనంలో ఇప్పుడు కృష్ణదేవరావు పేరుతో ప్రభుత్వ పాలిటెక్నిక్ నడుస్తున్నది.

ఈ కుటుంబాల సంపద ఎక్కడిదో కూడా ఇక్కడ చెప్పకపోతే చరిత్ర సగమే అవుతుంది. తెలంగాణలో పెద్ద భూస్వామ్యమంతా రైతు కట్టిన శిస్తు మీద, కూలి ఇవ్వకుండా చేయించుకునే వెట్టి మీద నిలిచినది. 1946–51 నాటి సాయుధ రైతాంగ పోరాటం ఆ వ్యవస్థ మీదనే సాగింది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు శాసనం వచ్చి సంస్థానాల ప్రత్యేక అధికారాలను కూడా తుడిచివేసింది. అప్పటికి కుముదినీ దేవికి 38 ఏళ్లు. పుట్టినింటివారి మంత్రి పదవి, మెట్టినింటివారి సంస్థానం రెండూ ఏడాది వ్యవధిలో గతించాయి. ఆమె స్వయంగా చేపట్టిన పనులన్నీ ఆ తరువాతివే.

వాటిలో మొదటిది కుష్ఠు వ్యాధి నివారణ. ఈ జబ్బుకు కారణమైన సూక్ష్మజీవిని 1873లోనే నార్వే వైద్యుడు హాన్సెన్ గుర్తించినా, డాప్సోన్ అనే మందు 1940లలో గాని వాడుకలోకి రాలేదు. ప్రజలు మహారోగమని, పెద్దరోగమని పిలిచే ఈ జబ్బు ప్రధానంగా చర్మాన్నీ నరాలనూ దెబ్బతీస్తుంది; స్పర్శ పోయిన చేతికి కాలినా, కాలికి ముల్లు దిగినా తెలియక పుండ్లు పడి, అంగవైకల్యం ఏర్పడుతుంది. కనుక మందుతో సూక్ష్మజీవి చచ్చినా మనిషి కథ ముగియదు. పుండ్లకు కట్లు, ప్రత్యేకమైన పాదరక్షలు, వంకరపోయిన వేళ్లకు శస్త్రచికిత్స, చేతిపని, తలదాచుకునే చోటు కావాలి. పునరావాసమనే మాట ఈ మొత్తానికీ వర్తిస్తుంది. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో స్కాట్లండు వైద్యురాలు ఇసబెల్ కెర్, రాజా నర్సాగౌడ్ విరాళం తోడుగా, 1915లో కుష్ఠు ఆసుపత్రిని ప్రారంభించారు. అప్పుడు అదే జిల్లాలో భాగమైన కామారెడ్డి, ఎల్లారెడ్డి తాలూకాలకు అది చేరువలోని ఆశ్రయం. రాజధాని సమీపంలో అటువంటి పని చేపట్టిన ఘనత కుముదినీ దేవిది. కేంద్రానికి పెట్టిన పేరు ఋషికేశ్‌లోని స్వామి శివానందది. సన్యాసం పుచ్చుకోకముందు వైద్యుడైన ఆయన అక్కడ కుష్ఠు రోగులకు స్వయంగా సేవ చేశారు.

ఊరి బయటికి వెళ్లగొట్టబడినవారి కోసం పనిచేయడానికి ఒక సంస్థానం కోడలు ముందుకు రావడాన్ని దానధర్మాల కింద జమకట్టడం సులువు. కాని దానం ఒకనాటితో తీరేది, కుష్ఠు చికిత్స ఏళ్ల తరబడి నడిచేది. రోగులను నిర్బంధించే వీలు కల్పించిన 1898 నాటి చట్టాన్ని పార్లమెంటు 2016లో గాని రద్దు చేయలేదు. విడాకులకు ఈ వ్యాధి కారణం కాకుండా పోయింది 2019లో. అంటే ఆమె పని మొదలుపెట్టిన 1958లో సమాజమే కాదు, చట్టమూ రోగికి ఎదురుగానే ఉండేది.

రాజకీయాలలో ఆమె ప్రస్థానం 1962లో ఊపందుకున్నది. హైదరాబాదు, సికింద్రాబాదు నగరపాలక సంస్థలు 1960లో ఒకటైన రెండేళ్లకు ఆమె మేయరు పీఠమెక్కారు. చట్టం ప్రకారం కార్యనిర్వాహక అధికారం కమిషనరుది, మేయరు సభాధ్యక్షురాలు మాత్రమే. అయినప్పటికీ జంట నగరాల ప్రథమ పౌరురాలిగా ఒక స్త్రీ కూర్చోవడం ఆనాటికి సామాన్య విషయం కాదు. అదే ఏడాది వనపర్తి నుంచి ఆమె శాసనసభకు ఎన్నికయ్యారు, 1967లో మళ్లీ గెలిచారు. ఒకనాటి తమ సంస్థానపు ప్రజలనే వోటు అడిగి గెలవడంలో వంశ గౌరవం పాత్ర ఎంతో కొంత ఉండకపోదు. పదేళ్ల పాటు ఆ నియోజకవర్గానికి శాసనసభలో ప్రతినిధి మాత్రం ఆమే. మేయరు పదవిలో ఆమె తరువాత వచ్చిన మహిళ సరోజినీ పుల్లారెడ్డి. ఆ పైన మరొక మహిళ ఆ పీఠమెక్కడానికి 2009 డిసెంబరు దాకా పట్టింది. దానికి నాలుగు నెలల ముందే, ఆగస్టు 6న, కుముదినీ దేవి 98 ఏళ్ల వయసులో మరణించారు.