ఇంటర్‌సెక్స్ అంటే ట్రాన్స్‌జెండరేనా? పసిబిడ్డకు ఆపరేషన్ చేయించాలా? పేరెంట్స్ తెలుసుకోవాల్సిన విషయాలివే..

కాన్పు అవ్వగానే అందరూ అడిగేది ఒక్కటే.. పాపా, బాబా? ఒక్కోసారి డాక్టర్లు కూడా వెంటనే చెప్పలేరు. క్రోమోజోములు, హార్మోన్లు, జననాంగాలు ఆడ, మగ లెక్కల్లో ఇమడనివారే ఇంటర్‌సెక్స్. కొందరికి రజస్వల కాలేదని టెస్టులు చేయిస్తేనే బయటపడుతుంది. ఇది పుట్టుకతో వచ్చిన శరీర నిర్మాణం. ట్రాన్స్‌జెండర్ అనేది తమను తాము ఎవరనుకుంటున్నారనే గుర్తింపు. రెండూ వేరు. అయినా 2019 కేంద్ర చట్టం ఒకే నిర్వచనంలో కలిపేసింది.

అసలు సమస్య సర్జరీ. నలుగురికీ తెలియకముందే సరిచేయించాలని పెద్దలు తొందరపడతారు. తర్వాత స్పర్శ, సంతాన సామర్థ్యం పోతే తిరిగి రావు. తల్లిదండ్రుల సమ్మతి బిడ్డ సమ్మతి కాదని 2019 ఏప్రిల్‌లో మద్రాస్ హైకోర్టు తేల్చిచెప్పింది. అదే ఏడాది తమిళనాడు ఇలాంటి సర్జరీలను నిషేధించింది. ప్రాణాపాయం ఉంటే మాత్రం మినహాయింపు.

మందుల సంగతి వేరు. అడ్రినల్ గ్రంథి లోపంతో ఒంట్లో ఉప్పు పడిపోయే పిల్లలకు ట్రీట్‌మెంట్ ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. వెంటనే పిల్లల హార్మోన్ల డాక్టర్‌కు చూపించాలి.

మన దగ్గర.. వైద్య పరీక్షలో నపుంసకుడని తేలినా ఆ ముద్ర వేసిన నిజాం కాలపు 1919 చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. అంటే నిన్నమొన్నటి దాకా అది పుస్తకాల్లో ఉన్నట్టే!

చర్లపల్లి వాసులు ఐడీ సర్టిఫికెట్ కావాలంటే మేడ్చల్-మల్కాజిగిరి కలెక్టర్‌కు అప్లై చేసుకోవాలి. ఆడ లేదా మగగానే ఉంటామనే ఇంటర్‌సెక్స్ వ్యక్తులకు అది తప్పనిసరి కాదు.