లాగిన్ తెర: ఉమ్మడి యంత్రం నుంచి ఇంటి కంప్యూటరు దాకా

కంప్యూటరును వెలిగించిన తరువాత వాడుకరి తన పేరును, రహస్య పదాన్ని తెలిపి గుర్తింపు పొందే ఘట్టాన్ని లాగిన్ అనీ, ఆ వివరాలను అడిగే తెరను లాగిన్ తెర అనీ వ్యవహరిస్తారు. కొన్ని ఇళ్లలో కంప్యూటరు ఈ తెరను చూపకుండానే నేరుగా డెస్క్‌టాప్‌కు చేరుకుంటుంది. చాలామంది దానిని యంత్రం చెడిపోవడంగా భావిస్తారు. అయితే ఇంటి కంప్యూటరు ఆ తెర లేకుండానే పుట్టిందనీ, తెర మరొక రకం యంత్రాల నుంచి వచ్చి దానికి అతుక్కున్నదనీ, నేడు లోపంగా కనిపించేది చాలావరకు ఆ అతుకు జాడేననీ లాగిన్ చరిత్రను పరిశీలిస్తే తేలుతుంది.

లాగిన్ ఆచారానికి మూలం ఉమ్మడి వాడకంలో ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కోర్బాటో బృందం 1961లో సి.టి.ఎస్.ఎస్. అనే వ్యవస్థను ప్రదర్శించింది. ఒకే పెద్ద యంత్రం తన సమయాన్ని చిన్న చిన్న ముక్కలుగా విభజించి, వేర్వేరు టెర్మినళ్ల వద్ద కూర్చున్న పలువురికి వంతుల వారీగా పంచే ఈ పద్ధతిని టైమ్ షేరింగ్ అంటారు. ఎవరి ఫైళ్లు ఎవరివో, ఎవరి వంతు సమయం ఎంత ఖర్చయిందో యంత్రానికి తెలియాలంటే వాడుకరిని గుర్తుపట్టక తప్పలేదు కనుక, ప్రతివారికీ ఒక పాస్‌వర్డ్ కేటాయించారు. అంటే పాస్‌వర్డ్ మొదట దొంగలను ఆపే తాళంగా కాక, ఉమ్మడి ఆస్తిలో ఎవరి వాటా ఎంతో తేల్చే హద్దురాయిగా వచ్చింది.

ఆ హద్దును దాటడానికి ఎంతో కాలం పట్టలేదు. తనకు కేటాయించిన యంత్ర సమయం పరిశోధనకు చాలకపోవడంతో అలన్ షెర్ అనే విద్యార్థి 1962లో పాస్‌వర్డ్‌ల ఫైలును అచ్చు వేయించుకుని ఇతరుల ఖాతాల సమయాన్ని వాడుకున్నాడు. 1966లో రెండు తాత్కాలిక ఫైళ్లు తారుమారు కావడంతో, లాగిన్ అయినవారికి ఆనాటి ప్రకటనకు బదులుగా అందరి పాస్‌వర్డ్‌ల జాబితా కనిపించింది. ఈ రెండుసార్లూ పాస్‌వర్డ్‌లు బయటపడటానికి కారణం వాటిని ఉన్నవి ఉన్నట్లుగా దాచడమే. పాస్‌వర్డ్‌ను తిరిగి విప్పలేని సంకేతంగా మార్చి ఆ సంకేతాన్ని మాత్రమే నిల్వ చేసే పద్ధతి తరువాత వ్యాపించింది. యూనిక్స్ వ్యవస్థలో దానిని బలపరచిన తీరును రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో ఒక పత్రంలో వివరించారు.

ఇదే కాలంలో రూపుదిద్దుకున్న వ్యక్తిగత కంప్యూటరు ఈ సంప్రదాయంతో సంబంధం లేకుండా పెరిగింది. 1975 నాటి ఆల్టెయిర్, 1977 నాటి యాపిల్ టూ, 1981 నాటి ఐ.బి.ఎం. పి.సి. అన్నీ ఒక సమయంలో ఒక్కరు వాడేందుకు తయారైన యంత్రాలు కావడంతో, వాటికి వాడుకరి పేరుతో పనిలేదు. పి.సి.లో డాస్ అనే నిర్వహణ వ్యవస్థ మొదలయ్యేటప్పుడు అడిగింది తేదీ, సమయం వంటివే. 1984లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి. ఏ.టి. ముందుభాగంలో కీబోర్డును పనిచేయకుండా ఆపే నిజమైన తాళం అమర్చారు. యంత్రం ఎవరి చేతిలో ఉంటే వారిదే అనే భావన మీద నడిచిన కాలానికి ఆ తాళంచెవి సరైన గుర్తు.

ఈ రెండు సంప్రదాయాలూ మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్‌లో ఎదురుపడ్డాయి. 1995లో విడుదలైన విండోస్ 95లో పేరు, పాస్‌వర్డ్ అడిగే పెట్టె కనిపించినా, ఎస్కేప్ మీట నొక్కితే అది తొలగిపోయి డెస్క్‌టాప్ వచ్చేది. ఆ పెట్టె నెట్‌వర్క్ కోసమూ వాడుకరుల అభిరుచులను వేరుచేయడం కోసమూ ఉన్నదే తప్ప యంత్రానికి కాపలా కాదు. అందుకు భిన్నంగా, కార్యాలయాల కోసం 1993లో విడుదలైన విండోస్ ఎన్.టి.లో లాగిన్ తప్పనిసరి. ఏ ఫైలును ఎవరు తెరవవచ్చునో ఖాతాను బట్టి నిర్ణయించే ఆ వ్యవస్థలో, ఏదో ఒక ఖాతా లేకుండా పని మొదలయ్యే వీలు లేదు. అయితే మనిషి దగ్గర లేకున్నా పనిచేయవలసిన యంత్రాల కోసం అందులో ఒక మినహాయింపు ఏర్పాటు చేశారు. రిజిస్ట్రీ, అనగా విండోస్ తన అమరికలను దాచుకునే పట్టికలో, ఆటోఅడ్మిన్‌లాగాన్ అనే విలువను ఒకటిగా పెట్టి, పేరు, పాస్‌వర్డ్ పక్కనే రాసి ఉంచితే, యంత్రమే వాడుకరి తరఫున లాగిన్ అవుతుంది. ఆ పాస్‌వర్డ్ అక్కడ మామూలు అక్షరాలలోనే ఉండేది, సి.టి.ఎస్.ఎస్. నాటి పాత పొరపాటు ఈ విధంగా సౌకర్యం పేరుతో తిరిగివచ్చింది.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి ఎన్.టి. పునాదిని ఇళ్లలోకి తెచ్చింది. ఖాతా తప్పనిసరి అయిన వ్యవస్థను ఖాతా అలవాటు లేని కుటుంబాలకు ఇవ్వవలసి రావడంతో ఒక రాజీ కుదిరింది: యంత్రంలో ఒకే ఖాతా ఉండి దానికి పాస్‌వర్డ్ లేకపోతే, స్వాగత తెర ఆగకుండా నేరుగా లోపలికి పంపుతుంది. అదే సమయంలో, పాస్‌వర్డ్ లేని ఖాతాతో నెట్‌వర్క్ ద్వారా దూరం నుంచి ప్రవేశించడాన్ని ఎక్స్‌పి సాధారణంగా నిరాకరించేది. ఇంట్లోని మనుషుల మీద నమ్మకం, బయటివారి మీద అనుమానం ఈ ఏర్పాటులో ఏకకాలంలో కనిపిస్తాయి. 2012 నాటి విండోస్ 8 నుంచి ఇంటర్నెట్ ఖాతాతో కూడా కంప్యూటరులోకి ప్రవేశించే పద్ధతి మొదలైంది. ఆ ఖాతా వెనుక ఉత్తరాలు, ఫొటోలు, కొనుగోళ్లు ఉండటంతో, ఇంటి యంత్రపు లాగిన్ ఇల్లు దాటిన విషయమయింది.

ఈ చరిత్ర తెలిసినవారికి తెర దాటవేతకు కారణం వెతకడం తేలిక. మొదట ఖాతాకు పాస్‌వర్డ్ ఉన్నదో లేదో చూడాలి. లేకపోతే అది ఎక్స్‌పి కాలపు రాజీయే, పాస్‌వర్డ్ పెడితే తీరుతుంది. పాస్‌వర్డ్ ఉండి కూడా తెర రాకపోతే ఎన్.టి. మినహాయింపును అనుమానించాలి. నెట్‌పీఎల్‌విజ్ అనే ఆదేశంతో తెరుచుకునే పెట్టెలో, వాడుకరులు పేరు, పాస్‌వర్డ్ ఇవ్వాలనే గడిలో టిక్కు ఉంచితే ఆ మినహాయింపు రద్దవుతుంది. విండోస్ 10 తరువాతి రూపాలలో, ముఖం, వేలిముద్ర, పిన్ వంటి విండోస్ హలో పద్ధతులతోనే ప్రవేశించాలనే అమరిక పనిచేస్తుంటే ఈ గడి కనిపించదు. ముందుగా సెట్టింగ్స్‌లో ఆ అమరికను ఆపవలసి ఉంటుంది. యంత్రం నిద్ర నుంచి లేచినప్పుడు మాత్రమే తెర రాకపోతే, అది లాగిన్‌కు సంబంధించినది కాదు. మేల్కొన్నప్పుడు పాస్‌వర్డ్ అడగాలా వద్దా అనే వేరొక అమరికది.

ఈ కారణాలలో దేనిలోనూ యంత్రం చెడిపోలేదు. ఎవరో ఎప్పుడో ఇచ్చిన అనుమతిని అది తప్పకుండా పాటిస్తున్నది. ఒంటరి యంత్రాల కాలంలో ఆ అనుమతి వల్ల పెద్ద నష్టం లేదు. ఒక్క ప్రవేశంతో మనిషి వ్యవహారాలన్నీ తెరుచుకునే నేటి యంత్రంలో మాత్రం, ఆ అనుమతిని ఉంచాలో తీసివేయాలో ఇంటివారే తెలిసి నిర్ణయించుకోవాలి.