తలుపు కీలు, మోకాటి కీలు

మా అమ్మకి ఎడమ మోకాలు మార్పించి తొమ్మిది నెలలయింది. నొప్పి లేదు. ఎక్స్‌రే చూసి డాక్టరుగారు భేష్ అన్నారు. కానీ హాల్లోంచి వంటింట్లోకి వెళ్తున్నప్పుడు వెనక నుంచి చూస్తే, ఆ కాలు ఇంకా కర్రలాగే పడుతుంది. నొప్పి పోయాక కుంటు ఎందుకు మిగిలింది? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే 1890 నాటి బెర్లిన్‌లో తేలాను.

ఆ ఏడాది థెమిస్టోక్లిస్ గ్లుక్ అనే సర్జన్, క్షయతో పాడైన మోకాలి స్థానంలో ఏనుగు దంతంతో చేసిన కీలు అమర్చాడు. తలుపుకి ఉండేలాంటిదే. ఒక ఇరుసు, దాని చుట్టూ తిరిగే రెండు ముక్కలు. ఇన్‌ఫెక్షన్‌తో ఆ ప్రయత్నం చెడింది, ఆలోచన మాత్రం బతికింది. 1951లో స్వీడన్‌లో వాల్డియస్ అమర్చినదీ ఇరుసు కీలే. మొదట అక్రిలిక్‌తో, తర్వాత లోహంతో. మన భాషా వాళ్ళ పక్షమే అనిపిస్తుంది. తలుపుకీ ఒంటికీ ఒకటే మాట, కీలు.

విచిత్రమేమిటంటే, మోకాలు అలాంటిది కాదని 1836లోనే అచ్చయింది. విల్‌హెల్మ్, ఎడ్వర్డ్ వేబర్ అనే అన్నదమ్ములు మనిషి నడక మీద రాసిన పుస్తకంలో, తొడ ఎముక కింది ఎముక మీద దొర్లుతూ జారుతుందని చెప్పారు. అంటే ఇరుసు ఒకచోట నిలవదు. బలవంతంగా నిలబెడితే, ఆ మెలికంతా కీలు ఎముకని పట్టుకున్న చోట పడుతుంది. ఇరుసు కీళ్ళు వదులైపోవడానికి అదో పెద్ద కారణం. (రాసిపెట్టిన డాక్యుమెంట్ అక్కరకి రాకపోవడం మా ఆఫీసులోనే అనుకునేవాణ్ణి.)

1968లో ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆసుపత్రిలో ఫ్రాంక్ గన్‌స్టన్ ఆ ఇరుసుని తీసేశాడు. పైన గుండ్రటి లోహపు బద్దలు, కింద ప్లాస్టిక్ గాళ్ళు. రెంటినీ కలిపి ఉంచే పని రోగి సొంత లిగమెంట్లది. 1974లో న్యూయార్క్‌లో జాన్ ఇన్‌సాల్ బృందం తెచ్చిన ‘టోటల్ కాండిలర్’ ఇవాళ్టి మోకాళ్ళకి తాత. అది వంగేది దాదాపు 90 డిగ్రీలు. కుర్చీకి చాలు, పీటకి చాలదు. ఇప్పటివి ఇంకా బాగానే వంగుతాయి, అయినా కింద కూర్చోవద్దనే అమ్మకి చెప్పారు.

నడకకి అంత వంపు అక్కర్లేదు. కాలు గాల్లో ఉన్నప్పుడు 60 డిగ్రీలు చాలు. అసలు కిటుకు మడమ నేలకి తగిలిన వెంటనే వచ్చే 15, 20 డిగ్రీల చిన్న వంపులో ఉంది. బండికి షాక్ అబ్జార్బర్ లాంటిది. దాన్ని అదుపులో పట్టుకునేది తొడ ముందువైపు కండరం. ఏళ్ళ తరబడి నొప్పికి భయపడి కాలు బిగబట్టి నడిచిన మనిషికి ఆ కండరం ఎప్పుడో నీరసించి ఉంటుంది. ఆపరేషన్ దాన్ని ఇంకా నీరసపరుస్తుంది. మోకాలు కొత్తదే, నడక పాతది. బరువు కుడికాలి మీదికి పోతుంది. అమ్మ కుడి మోకాలూ అంత గట్టిదేం కాదు.

ఈ తొమ్మిది నెలలూ ఇంట్లో మేమందరం అడిగింది ఒకటే, ‘ఎంత వంగుతోందమ్మా?’ అని. తలుపుని అడిగినట్టు. అడుగు ఎలా పడుతోందని ఒక్కరం అడగలేదు.

ఇప్పుడు సాయంత్రాలు అమ్మ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా, రెండు కాళ్ళ మీదా సమంగా బరువేసి లేస్తోంది. పదిసార్లు. నేను ఎదురుగా కూర్చుని లెక్కపెడతాను. ఏడోసారికి ఎడమకాలు దొంగాట మొదలుపెడుతుంది.