అధ్యక్షురాలి కుర్చీలో మోనికా స్టాబ్

స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన చేసిన నాకు ఫుట్‌బాల్‌తో పరిచయం తక్కువే. జర్మన్ క్రీడాకారిణి మోనికా స్టాబ్ జీవితం దగ్గర ఆగిపోయింది ఆమె వేసిన గోల్స్ చూసి కాదు. ఒకే క్లబ్‌కి ఆమె కోచ్, అధ్యక్షురాలు కూడా. మీటింగులకు కుర్చీలు వేయించి, మినిట్స్ రాసి, సంతకం దగ్గరికొచ్చేసరికి పక్కకి జరిగే ఆడవాళ్లని చాలామందిని చూశాను. అందుకే ఆ రెండో పదవి నన్ను పట్టుకుంది.

స్టాబ్ పుట్టింది 1959లో. అంతకు నాలుగేళ్ల ముందే పశ్చిమ జర్మనీ ఫుట్‌బాల్ సమాఖ్య తన క్లబ్బులేవీ స్త్రీల ఆటకి మైదానాలివ్వకూడదని తీర్మానించింది. బంతి వెంట పరిగెడితే స్త్రీత్వపు సౌకుమార్యం పోతుందట, శరీరం అలా కనబడటం మర్యాద కాదట! (ఈ భాష మనకేమీ కొత్త కాదు.) 1970లో నిషేధం తొలగేనాటికి ఆమెకి పదకొండేళ్లు. 1989లో మహిళల జట్టు యూరప్ విజేత అయినప్పుడు సమాఖ్య ఆటగత్తెలకిచ్చిన బహుమతి కాఫీ కప్పుల సెట్టు. కప్పు గెలిచినవాళ్లకి కప్పులు!

ఇంగ్లండ్, ఫ్రాన్స్ క్లబ్బుల్లో ఆడాక స్టాబ్ ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ప్రౌన్‌హైమ్ క్లబ్‌కి వచ్చింది, అక్కడే కోచ్ అయింది. 1998లో ఆ మహిళా విభాగం విడిపోయి ఎఫ్ఎఫ్‌సీ ఫ్రాంక్‌ఫర్ట్ పేరుతో స్త్రీల సొంత క్లబ్ అయింది. 2002లో జర్మన్ లీగ్, జర్మన్ కప్, మొట్టమొదటి యూరప్ మహిళా క్లబ్ కప్, మూడూ గెలిచింది. ఆ చివరి మ్యాచ్‌లో స్వీడన్ క్లబ్ ఊమియోని 2-0తో ఓడించడం చూడ్డానికి సొంత ఊళ్లో పన్నెండు వేలమందికి పైగా వచ్చారు. అయితే డబ్బు, ప్రకటనల వ్యవహారాలు చూసిన మేనేజర్ సీగ్‌ఫ్రీడ్ డీట్రిష్ పురుషుడే. ఆడవాళ్లే ఒంటిచేత్తో కట్టారని రాస్తే నాకు హాయిగా ఉంటుంది గానీ నిజం కాదు.

2004లో కోచ్ పని వదిలాక బహ్రెయిన్, ఖతార్ మహిళా జట్లకి శిక్షణనిచ్చింది. 2021లో సౌదీ అరేబియా మహిళా జట్టుకి తొలి కోచ్. కారు నడిపే హక్కు కోసం పోరాడిన లుజైన్ అల్ హత్‌లూల్ జైలు నుంచి బయటికొచ్చింది కూడా ఆ ఏడాదే. ఆట చూపించి ఆ ప్రభుత్వం మరకలు కడుక్కుంటోందన్న విమర్శని నేను తోసేయలేను. 2022 ఫిబ్రవరిలో మాల్దీవుల్లో తొలి మ్యాచ్ ఆడి సీషెల్స్‌ని 2-0తో గెలిచిన ఆ అమ్మాయిల సంతోషాన్నీ తోసేయలేను. నిషేధం అంటే ఏమిటో చిన్నప్పుడే తెలిసిన మనిషి అక్కడికి వెళ్లకుండా ఉండాల్సిందని అనడానికి నాకు నోరు రాలేదు.

ఇక ఆమె వదిలొచ్చిన క్లబ్ సంగతి. వోల్ఫ్స్‌బుర్గ్, బయర్న్ లాంటి పురుషుల క్లబ్బులు మహిళా జట్ల మీద డబ్బు పెట్టడం మొదలయ్యాక దానికి నిలదొక్కుకోవడం కష్టమైంది. 2020లో ఐంట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్ అనే పెద్ద క్లబ్‌లో కలిసిపోయింది. ఆటగత్తెలకి మంచి జీతాలు, వసతులు వచ్చి ఉంటే నాకూ సంతోషమే. కానీ జట్టు మళ్లీ ఒక విభాగమైంది. విభాగానికి అధ్యక్షురాలి కుర్చీ ఉండదు.